దుకాణంలకెళ్లి తొవ్వ

మార్చి 11, మంగళవారం

ఎరువుల కంపెనీవోళ్లు మామకిచ్చిన డైరీ ఇది. మామ అక్షరకిచ్చిండు. అక్షర నా ఒళ్లె పడేసి "వదినా, నువ్వే రాసుకో, నాకు రికార్డులు రాసుడే సరిపోతాంది" అన్నది. ఏడో తరగతి దాక చదివిన. తప్పులు పోయినా చదివేది నేనే కద.

ఇయ్యాల హన్మకొండ దవాఖానకు పోయినం. ఆయన మొఖం ఉబ్బవట్టి నెల దాటింది. కాలు ఒత్తితే గుంట పడి అట్లనే ఉంటాంది. డాక్టర్ కిషన్ రావు గదిలకు మామ, అత్తమ్మ, ఆయన పోయిండ్రు. నన్ను బయట సంచి కాడ కూసోమన్నరు. తలుపు తెరుసుకునే సరికి అత్తమ్మ కొంగు నోట్లె పెట్టుకోని ఉన్నది. రెండు కిడ్నీలు పోయినయట.

ఆటోల తిరిగొస్తున్నం. చౌరస్తల బత్తాయి రసం బండి కనపడితే ఆయన "ఒక గిలాస తాగుదమా" అన్నడు. మామ "ఇప్పుడే కద డాక్టర్ వద్దన్నది" అన్నడు. ఆయన బండి దాటేదాక అటే చూసిండు.

ఇంటికొచ్చినంక అత్తమ్మ నా తల మీద చెయ్యి పెట్టింది. మూడేండ్లల మొదటిసారి. "ఇగ నీ చేతులనే ఉన్నది బిడ్డా" అన్నది. నాకు ఏడుపొచ్చింది. ఆయన గురించి ఏడుస్తాన్న అనుకున్నరు అందరు. నేను ఏడ్చింది గా బిడ్డా అన్న మాటకు.

మార్చి 13, గురువారం

అక్షర ఇంటర్ బైపీసీ. పరీక్షలు నడుస్తాన్నయి. బుక్కు ముందరేసుకోని కూసుంటే పక్కకు పోయి, కిడ్నీలు ఏం పని చేస్తయి అని అడిగిన.

"ఏం వదినా, ఇచ్చే ముందు సామాను చూసుకుంటానవా?" అని నవ్వింది.

"ఇచ్చుడేంది?"

నాలిక కర్సుకుంది. "అదే... ఎవలో ఒకలు ఇయ్యాలె కద" అని బుక్కు నా దిక్కు తిప్పింది.

చిక్కుడు గింజ లెక్క బొమ్మ. పిడికిలంత ఉంటదట ఒక్కోటి. ఒక్కో దాంట్ల పది లక్షల దాక జల్లెడలు, కంటికి కనపడనంత సన్నయి. గుండెకెళ్లి రక్తం ఉరికొచ్చి ఆ జల్లెడల మీద పడుతది. పెద్దయి, అంటే రక్తకణాలు, ప్రొటీన్లు, పైన ఆగుతయి. నీళ్లు, ఉప్పు, చక్కెర, మురికి కిందికి కారుతయి.

"చక్కెర గూడనా? అది మంచిదే కద."

"జల్లెడకేం ఎరుక వదినా మంచిదో చెడ్డదో. సన్నగుంటే పడుతది, గంతే. దినానికి నూటా ఎనభై లీటర్లు పడుతయి."

మన నీళ్ల డ్రమ్ము రెండు వందల లీటర్లది. గన్ని నీళ్లు మనిషిల యాడుంటయి అన్న. ఉన్న నీళ్లే మళ్ల మళ్ల తిరుగుతయి అన్నది. జల్లెడల పడ్డంక అవి సన్న గొట్టంలకెళ్లి పోతుంటయట. పోతుంటే ఒళ్లు మళ్ల గుంజుకుంటదట. చక్కెర మొత్తం, ఉప్పు కావల్సినంత, నీళ్లు దాదాపు అన్నీ. ఎవ్వలికి పనికి రానిది చివరికి మిగులుతది. లీటరున్నర. గదే మూత్రం.

మాది జల్లెడల దుకాణమే. జల్లెడలు, చాటలు, మోకులు, గోనె సంచులు. జల్లెడ సంగతి నాకెరుక. జల్లెడల పడ్డది పడ్డట్టే. ఇది అట్ల కాదు. మొదలు ఉన్నదంతా బయట పెట్టి, అండ్లకెళ్లి కావల్సినయి మళ్ల లోపలికి తెచ్చుకుంటది. ఇంటికి సున్నమేసేటప్పుడు సామానంతా వాకిట్ల పెట్టి, ఆరినంక ఒక్కొక్కటి లోపలికి సర్దుకున్నట్టు. పోయిన దసరకు సున్నమేసినప్పుడు నేను మా ఇంటికెళ్లి తెచ్చుకున్న పెట్టె లోపలికి రాలె. ఇంక మెట్ల కిందనే ఉన్నది.

"జల్లెడ చిరిగిందనుకో, ప్రొటీన్ గూడ కారిపోతది. అప్పుడు మూత్రం నురగొస్తది. నీళ్లు పోసినా పోదు ఆ నురగ. అన్నయ్యకు గదే" అన్నది అక్షర.

నేను లేచి పొయ్యి కాడికి పోయిన. అన్నం దించేదుండె.

మార్చి 14, శుక్రవారం

నురగ.

ఈ ఇంట్ల బాత్రూం కడిగేది నేనే. పెండ్లైన నెల నుంచి నేనే. నేను పినాయిలు నురగ అనుకున్న.

మార్చి 16, ఆదివారం

ఇయ్యాల మామ అందరిని కూసోపెట్టిండు. ఆయన మంచం మీద గోడకు ఒరిగి ఉన్నడు. మామ నా దిక్కు చూడకుంటనే నాతోని మాట్లాడతడు, ఎప్పుడు అంతే. "కోడలిది ఓ పాజిటివ్ కద. ఎవలికైనా సరిపడుతది అంటాండు డాక్టర్. మనం బయట తిరిగే పని లేదు" అన్నడు.

"మంచిగున్న మనిషికి ఒక్కటి చాలట. రెండోది ఉట్టిగనే ఉంటది" అన్నది అత్తమ్మ.

నన్నెవ్వలు అడగలె. అడిగినా ఒప్పుకుందును. మొగడికి కాకపోతే ఎవలికిస్త. నాకు ఒక రకం సంబురమే అయింది. ఇగ ఈ ఇంట్ల నా పెత్తనమో, నా మాటో ఏదన్న ఉంటదని కాదు. ఆయన నా దిక్కు చూస్తడని. నా ముక్క ఆయనలుంటే చూడకుంట ఎట్లుంటడు.

నా గ్రూపు వీళ్లకు ముందే ఎరుక. పిల్లను చూడొచ్చినప్పుడే అడిగిండ్రు. కట్నం వద్దు, మా దాంట్లనే మంచి పిల్ల కావాలె, రక్తం గ్రూపు చెప్పుండ్రి అన్నరు. మా రఘునాథపల్లిల అందరు ఇచ్చంత్రంగ చెప్పుకున్నరు. పొలంల కలుపు తీస్తున్నదాన్ని లేపి, మా అవ్వ నన్ను పరీక్షకు తోలుకపోయింది. "పట్నపోళ్లు గింత దూరం ఆలోచిస్తరు బిడ్డా, పిల్లలు మంచిగ పుట్టాలెనని" అన్నది. సంబంధం కుదిరినంక పేరు గూడ మార్చిండ్రు. సారలమ్మ అంటే మోటుగున్నదని స్నేహలత అన్నరు. నేను స్నేహలతనైన.

చదువుకున్నోళ్ల ఇల్లు. అందుకే అడిగిండ్రు.

మార్చి 22, శనివారం

ఇంటి సంగతి ఎన్నడు రాసుకోలె. మట్టెవాడల మాది పాతిల్లు. ముందర దుకాణం, ఎనుక మేం. ఎనుక వాకిలి, బాయి, బాత్రూం ఉండెనట. మామ, వాళ్ల తమ్ముడు పాళ్లు పంచుకున్నప్పుడు ఎనుకదంతా తమ్ముని పాలుకు పోయింది. నడుమ గోడ లేపిండ్రు. మామ దుకాణంల ఓ మూలకు, తరాజు ఎనుక, బాత్రూం కట్టిచ్చుకున్నడు. అంటే పోవాల్నంటే దుకాణంలకెళ్లి పోవాలె. గిరాకీ ఉన్నప్పుడు ఆడోళ్లు దుకాణంలకు రావొద్దు. ఎవ్వలు నోరు తెరిచి చెప్పలె ఈ మాట. వచ్చిన మూడో రోజు నేను పోతుంటే మామ దగ్గిండు. అక్కడున్న హమాలీలు తల తిప్పుకున్నరు. నాకు భూమి చీలితే బాగుండనిపించింది. మళ్ల పోలె.

పొద్దుగాల షట్టరు లేవక ముందు. మధ్యాహ్నం బువ్వకు మూసినప్పుడు. మాపటికి బంద్ చేసినంక. గంతే. అత్తమ్మ ముప్పై ఏండ్లు గట్లనే ఎల్లదీసింది. "నీళ్లు తక్కువ తాగాలె, అదే అలవాటైతది" అని ఆమెనే నేర్పింది. అలవాటైంది. పొద్దున సగం గిలాస, బువ్వ మీద సగం. అక్షరకైతే కాలేజీ ఉన్నది. ఆయనకేం, మొగోడు.

నడుముల నొప్పి, చలిజ్వరం వస్తే అత్తమ్మ తన మోకాళ్ల గోళీలల్లకెళ్లి ఒకటి ఇస్తది. తగ్గుతది. మంటగ పోతది ఒక్కోసారి, చాయ్ రంగుల. గిదంతా ఎందుకు రాస్తాన్ననో. ఎవలింట్ల లేదు గిది.

ఏప్రిల్ 2, బుధవారం

ఆయనకు మిషన్ పెట్టిండ్రు. చేతికి రెండు గొట్టాలు. ఒక దాంట్లకెళ్లి రక్తం బయటికొస్తది, సీసా అంత డబ్బల తిరిగి ఇంకో దాంట్లకెళ్లి లోపలికి పోతది. పిడికిలంత కిడ్నీ చేసే పని చెయ్యనీకి బీరువా అంత మిషన్. అది గూడ సగమే చేస్తదట. కిడ్నీకి ఏం ఉంచుకోవాల్నో ఎరుక, మిషన్‌కు అంత తెలివి లేదన్నది నర్సమ్మ.

నీళ్లు లెక్క పెట్టి తాగుమన్నరు ఆయనను. చాయ్, చారు, మజ్జిగ అన్నీ అండ్లకే. మిషన్ మీద ఉన్నంతసేపు ఆయన నా చెయ్యి పట్టుకున్నడు. "భయమైతాందా నీకు?" అన్నడు.

"లేదు" అన్న.

"మంచిదానివే" అన్నడు.

ఇయ్యాలంత గదే మాట.

ఏప్రిల్ 9, బుధవారం

నాకు పరీక్షలు. దవాఖానల "సారలమ్మ" అని పిలిచిండ్రు, ఆధార్ల గట్లనే ఉన్నది కద. మా వాళ్లెవ్వలు లేవలె. నేనూ లేవలె. రెండోసారి పిలిచినంక యాదికొచ్చింది నేనేనని.

స్కానింగ్‌కు ముందు సీసెడు నీళ్లు తాగి ఆపుకోవాలె అన్నడు స్కానింగ్ పిల్లగాడు. "ఆపుకోగలుగుతరా అక్కా? కొంతమందితోని కాదు."

నవ్వొచ్చింది. ఈ ఒక్క పరీక్షల నేను ఫస్టు వస్త తమ్మీ అందామనుకున్న. అనలె.

తాగుతుంటే నీళ్లు ఇంత తియ్యగుంటయా అనిపించింది. మా ఇంటి కాడ మధ్యాహ్నం నాట్ల కాడికెళ్లి వచ్చి బిందెను ఎత్తి పట్టుకోని తాగేదాన్ని. సీసా అయిపోయినా మూత ఎత్తి చూసిన ఇంకేమన్న ఉన్నదా అని.

పరీక్షలైనంక డాక్టర్ అందరిని బయటికి పంపి నన్నొక్కదాన్ని అడిగిండు. "ఎవలన్న బలవంతం చేస్తున్నరా అమ్మా? ఇక్కడ చెప్పు, బయటికి పోదు."

"లేదు సార్."

"ఇష్టంతోనే ఇస్తున్నవా?"

"నా మొగడు కద సార్."

"అది జవాబు కాదమ్మా" అన్నడు. ఇంకేం జవాబుంటదో నాకు తెల్వలె. తల ఊపిన.

ఏప్రిల్ 12, శనివారం

ఇయ్యాల నన్ను గూడ గదిలకు పిలిచిండు డాక్టర్. కుర్చీ ఏసి కూసోమన్నడు. మామ ఎదురుంగ కూసునుడు అదే మొదలు.

నాది పనికి రాదట.

ఎడమ దిక్కుది ముడుచుకపోయి సగమైందట. రాయి తయారై గొట్టంల ఇరుక్కోని ఎప్పటి సందో ఉన్నదట. మూత్రం కిందికి పోనీకి తొవ్వ లేక ఎనుకకు తన్ని, ఆ జల్లెడలను నలిపేసిందట. మంటలు, జ్వరాలు వచ్చి మచ్చలు గూడ పడ్డయట. కుడిది ఇప్పటికైతే మంచిగున్నది, దాన్ని కాపాడుకోవాలె అన్నడు.

"ఇంత చిన్న వయసుల... నీళ్లు ఎన్ని తాగుతవమ్మా?"

నేను అత్తమ్మ దిక్కు చూసిన.

"మూత్రం ఆపుకుంటవా?"

మామ ఫ్యాను దిక్కు చూస్తాండు. అత్తమ్మ చేతి సంచి జిప్పు తీస్తాంది, పెడతాంది. ఆయన ముందర బాత్రూం మాట ఎట్ల మాట్లాడుత?

"మాకేం చెప్పలె సార్ వీళ్ల అవ్వగారోళ్లు. రోగముందని" అన్నది అత్తమ్మ.

"ఇది అవ్వగారింటి రోగం కాదమ్మా. రెండు మూడేండ్లదే ఉంటది" అన్నడు డాక్టర్. ఇంక కోపానికొచ్చిండు. "మీరు నాలుగేండ్ల కిందనే నా మాట ఇంటే ఈ పిలగానికి గూడ ఇంత దూరం రాకపోవు. అప్పుడే చెప్పిన కద సాంబయ్య గారూ, ప్రొటీన్ పోతాంది, బీపీ గోళీలు ఆపొద్దు, ఎప్పటికన్న కిడ్నీ మార్చుడు తప్పదని. మళ్ల రాకనే పోయిండ్రు."

నాలుగేండ్లు.

మా పెండ్లయి మూడేండ్లు.

ఏప్రిల్ 13, ఆదివారం

డాక్టర్ రోజుకు ఎంతమందిని చూస్తడు. ఇంకెవలో అనుకోని చెప్పిండేమో. మూడును నాలుగన్నడేమో.

ఏప్రిల్ 15, మంగళవారం

అత్తమ్మ నాతోని మాట్లాడుడు బంద్ పెట్టింది. నాకినపడేటట్టు అక్షరతోని మాట్లాడతాంది. "పైకి నున్నగుంటే ఏమైతది, లోపల పుచ్చు. కట్నం లేకుంట చేసుకుంటే గిట్లనే ఇస్తరు."

అక్షర "ఊకో అమ్మా" అన్నది. గంతే.

డాక్టర్ నన్ను మూడు లీటర్లు తాగుమన్నడు. ఎక్కడ తాగాలె, తాగి ఎక్కడికి పోవాలె? గోళీలు మింగనీకి సగం గిలాస తీసుకున్న. ఆయన మంచంల కూసోని నా గొంతు దిక్కే చూస్తాండు. నీళ్లు దిగేది చూస్తాండు. ఆయన పెదవులు ఎండి పొట్టు లేస్తాన్నయి.

"ఆ మూలకు పోయి తాగు" అన్నడు.

ఒక గదిల ఇద్దరం. ఒకలికి తాగొద్దు. ఒకలికి తాగకపోతే సస్తవు. ఇద్దరం సగం గిలాసే తాగుతాన్నం.

ఏప్రిల్ 21, సోమవారం

మా అవ్వను పిలిపిచ్చిండ్రు. మొగిలమ్మ అంటే మా ఊర్ల గట్టిది అంటరు గని, ఈ ఇంట్లకొస్తే చెప్పులు వీధిలనే ఇడిచి ఒంగి వస్తది. మా మేనమామ కొమురెల్లి గూడ వచ్చిండు. పదకొండు అయితాంది, సోమవారం, దుకాణం నిండ గిరాకీ. మామ తరాజు కాడ జీతగాడు ఎల్లస్వామిని నిలబెట్టి లోపలికొచ్చిండు.

అత్తమ్మ మొదలు పెట్టింది. "చెప్పియ్యొద్దా వదినా? పిల్లకు ఇట్లున్నదని ఒక్క మాట?"

"ఏమున్నదమ్మా నా పిల్లకు? నా ఇంట్ల ఒక్క దినం దవాఖాన మెట్లెక్కలె. బిందెడు నీళ్లు తాగేది, బండెడు పని చేసేది" అన్నది అవ్వ.

"మరి డాక్టర్ ఉట్టిగనే చెప్తడా?"

"చెల్లె, నేనొకటి అడుగుత" అన్నడు కొమురెల్లి మామ. "బర్రెను కొనేటోడు పండ్లు చూసినట్టు మీరు రక్తం చూసుకోని తెచ్చుకుంటిరి. కట్నం వద్దంటే మేం ఎగిరి గంతేస్తిమి. అప్పుడు మంచిగున్న బర్రె మీ కొట్టంల కట్టేసినంక చెడిపోతే అమ్మినోడిదా తప్పు?"

"మాట జాగ్రత్త కొమురెల్లీ" అన్నడు మామ.

"జాగ్రత్తగనే అంటాన్న బావా. పిలగాని సంగతి మీకు ముందే ఎరుకనా, లేదా? గదొక్కటి చెప్పు."

మామ తల తిప్పి తరాజు దిక్కు చూసిండు. మంచంల ఉన్న మా ఆయన గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. అవ్వ వాళ్ల మొఖాలు చూసింది, తర్వాత నా మొఖం చూసింది. అప్పుడు సమజైంది దానికి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పరీక్షకు నన్ను తోలుకపోయింది తనే కద.

నాకు అవ్వను అట్ల చూసుడు కాలె. లేచిన. బిందెల చెంబు ముంచిన. తాగిన. మళ్ల ముంచిన. మళ్ల తాగిన. మీద కారి జాకెట్ తడిసింది. అందరు చూస్తాండ్రు. కడుపు ఉబ్బేదాక తాగి, చెంబు బోర్లేసి, దుకాణం దిక్కు నడిచిన.

"ఏయ్, గిరాకున్నది" అన్నది అత్తమ్మ.

"ఎరుకనే" అన్న.

దుకాణంల రైతులు ఉన్నరు, హమాలీలు ఉన్నరు. మోకుల కట్టలు పట్టుకోని నడిచిన. తరాజు ఎనుకకు పోయి తలుపేసుకున్న. బయట మాటలన్నీ ఆగిపోయినయి. నా చప్పుడు అందరికి ఇనపడుతదని కండ్లు మూసుకున్న. కొద్దిసేపటికి ఒకడు "ఈ జల్లెడ ఎంత?" అని ఎల్లస్వామిని అడిగిండు. ఎల్లస్వామి ధర చెప్పిండు. గంతే. మూడేండ్లు నేను సస్తనేమో అనుకున్నది గిది. ఒకడు జల్లెడ బేరం చేసిండు, గంతే.

మళ్ల లోపలికొచ్చి అత్తమ్మ ముందర నిలబడ్డ. ఏమేమో అందామనుకున్న. నోట్లకెళ్లి వచ్చింది గిది:

"మా అవ్వ మంచిదాన్నే ఇచ్చింది. మీరు తొవ్వ ఇయ్యలె."

ఏప్రిల్ 23, బుధవారం

అవ్వ రమ్మన్నది. రాయి తీపిచ్చుకునేదాక ఉంటనన్న. ఎందుకున్ననో నాకే తెల్వది. ఆయనను అడగాలె, అందుకేమో.

మిషన్ మీద ఉన్నప్పుడు అడిగిన. అక్కడైతే లేచి పోలేడు.

"నన్ను చూడొచ్చినప్పుడు మీకెరుకనా?"

"ఏంది?"

"ఏందో మీకు ఎరుకనే."

డబ్బల రక్తం తిరుగుతాంది. దాన్నే చూస్తాండు. "అమ్మ చెప్పింది, పెండ్లయితే అన్నీ మంచిగైతయని. నాకు నువ్వు ఫోటోలనే నచ్చినవ్" అన్నడు.

"ఫోటోల కింద గ్రూపు రాసుండెనా?"

పెదవులు తడుపుకున్నడు. "నోరు ఆర్కపోతాంది. నర్సును అడిగి ఒక ఐసు ముక్క తెస్తవా" అన్నడు.

తెచ్చిన. నోట్లె పెట్టిన. కండ్లు మూసుకోని చప్పరిచ్చిండు, పసి పిల్లగాని లెక్క. నాకు జాలైంది. జాలైనందుకు నా మీద నాకు మంటైంది.

అడిగుంటే ఇచ్చేదాన్ని. రోగముంది, మా పిలగాన్ని చేసుకోని బతికిస్తవా అని ముందే అడిగితే, నేను సరేననేటి పిచ్చిదాన్నే. గదే నాకు ఎక్కువ మండుతాంది.

మే 6, మంగళవారం

నా రాయి తీసిండ్రు. రేగు గింజంత ఉన్నది. డాక్టర్ చూపెట్టిండు. ముడుచుకపోయింది మళ్ల పెరగదు అన్నడు. కుడి దాన్ని చూసుకో అన్నడు.

పోయేముందు మామను పిలిచి "తల్లి ఉన్నది కద, ఆమెకేమైంది? ఆమె గ్రూపు సరిపోతది, నేను మొదటి రోజే చెప్పిన" అన్నడు.

అత్తమ్మ "నాకు మోకాళ్ల నొప్పులు సార్" అన్నది.

"మోకాళ్లు అడుగుతలేనమ్మా" అన్నడు డాక్టర్.

మొదటి రోజే చెప్పిండు. నేను బయట సంచి కాడ కూసున్న రోజు.

మే 19, సోమవారం

అత్తమ్మకు అన్ని పరీక్షలు అయినయి. రెండూ మంచిగున్నయి. ముప్పై ఏండ్లు ఆపుకున్నా, గన్ని గోళీలు మింగినా, రెండూ మంచిగున్నయి.

ఆమె కిడ్నీలు చెడిపోవాల్నని నేను మొక్కలె. మొక్కలేదనే రాస్తాన్న.

జూన్ 3, మంగళవారం

చుట్టాలొస్తాండ్రు. అత్తమ్మ కాళ్లకు మొక్కుతాండ్రు. "కన్నతల్లి అంటే గట్లుండాలె" అంటాండ్రు. చాయ్ పెట్టేది నేను. ఒకామె గిలాస తీసుకుంట నా మొఖం చూసి "నువ్వు ఇయ్యకపోతివా బిడ్డా?" అన్నది. అత్తమ్మ అందుకోని "దానికెక్కడిది" అన్నది.

జూన్ 16, సోమవారం

ఇయ్యాల మేస్త్రీలొచ్చిండ్రు.

ఆపరేషన్ అయినంక అత్తమ్మ దుకాణంలకు నడువలేదు కద, అందుకని లోపలనే బాత్రూం కట్టాల్నట. మెట్ల కింద జాగ ఉన్నది అన్నడు మామ. మెట్ల కింద. నేనొచ్చిన కొత్తల అక్షర ఒకసారి "నాయినా, లోపల కట్టిచ్చరాదే" అంటే "జాగేది" అన్నడు. మూడేండ్లు జాగ లేదు.

నా పెట్టెను తీసి అవతల పెట్టిండ్రు. మధ్యాహ్నానికి గోడ నడుముల దాక లేచింది.

జూన్ 20, శుక్రవారం

గోడలకు తెల్ల టైల్సు పెట్టిండ్రు. పట్టుకోని లేవనీకి స్టీలు కడ్డీ గూడ పెట్టిండ్రు.

ఐదు రోజులు. గన్నే పట్టింది.

జులై 9, బుధవారం

హైదరాబాదుల ఆపరేషన్ అయింది. ఇద్దరు మంచిగున్నరట. అక్షర ఫోన్ల చెప్పింది, ఏడుస్తాంది, నవ్వుతాంది. "వదినా, టేబుల్ మీదనే పనిచేసుడు షురూ చేసిందట! రక్తం తగిలిందో లేదో, మూత్రం వచ్చిందట!"

ఒకల ఒంట్లకెళ్లి తీసి ఇంకొకల ఒంట్ల పెడితే, ఎవలిదని అడగదు, ఎందుకని అడగదు. రక్తం వచ్చింది, పని చేస్తాంది. నేనూ ఈ ఇంట్ల గట్లనే చేసిన.

ఒక్కదాన్నే ఉన్న ఇంట్ల. చెంబు నింపుకోని తాగిన.

జులై 30, బుధవారం

వచ్చిండ్రు. ఆయన మొఖం వాపు పోయింది. ఇప్పుడు ఆయనను గూడ మూడు లీటర్లు తాగుమన్నరు. గిలాస గిలాసకు మురిసిపోతాండు. నా గిలాస గూడ తనే నింపి ఇచ్చిండు ఇయ్యాల. "ఇగ ఇద్దరం పోటీ" అన్నడు.

గిలాస తీసుకున్న. తాగిన. నవ్వలె.

"ఇంక మనసుల పెట్టుకున్నవా?" అన్నడు.

నా ఎడమ దిక్కు చెయ్యేసుకోని చూపెట్టిన. "మనసుల కాదు, గీడ ఉన్నది" అన్న.

ఆగస్టు 4, సోమవారం

వానలు పడ్డయి. నాట్లు జోరుగున్నయి. మోకులకు, తాటిపత్రి పట్టాలకు రైతులు తోసుకుంటాండ్రు. దుకాణంల అడుగు పెట్ట జాగ లేదు.

అవ్వ ఇయ్యాల గూడ ఫోన్ చేసింది, ఎప్పుడొస్తవని. వస్తనన్న. ఎప్పుడో చెప్పలె. నన్ను బయట పెట్టింది వీళ్లు. కిడ్నీ లెక్క ఏం ఉంచుకోవాల్నో, ఏం ఇడువాల్నో చూసుకోనీకి నాకు గూడ జర టైం కావాలె.

పదకొండింటికి బాత్రూంకు లేచిన. అత్తమ్మ మంచంలకెళ్లి "లోపల కాళీనే ఉన్నది, పో" అన్నది. మంచిగనే అన్నది. ఆ తెల్ల టైల్సు, ఆ కడ్డీ అన్నీ తళతళ మెరుస్తాన్నయి. రోజూ నేనే కడుగుత. ఒక్కసారి గూడ పోలె.

దుకాణం తలుపు తీసిన. మామ తరాజు కాడ ఉన్నడు. నన్ను చూసి దగ్గిండు. మూడేండ్ల కింద దగ్గినట్టే.

"లోపల కట్టిచ్చినం కద కోడలా" అన్నడు, మెల్లగ, ఎవ్వలికి ఇనపడొద్దని.

"అది అత్తమ్మకు కట్టిచ్చింది మామా" అన్న, ఇనపడేటట్టే. "నాది గిదే తొవ్వ."

మోకుల కట్టల నడుమ మంది నిండుగున్నరు. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకున్న.

"జర జరుగుండ్రి" అన్న.

జరిగిండ్రు.